రెండు దేనారాలు ఎవరిస్తారు?

కౌన్సెలింగ్ ప్రాక్టీసును లాభాల వ్యాపారంగా ఎలా నిలబెట్టాలో నేర్పే కోర్సులు ఇప్పుడు మన పిల్లల ఫోన్లలో తిరుగుతున్నాయి. బెంగళూరు, చెన్నై, పూణేల్లో సైకాలజీ ఎమ్మెస్సీనో, ఎమ్మెస్‌డబ్ల్యూనో చదివి బయటికొచ్చిన మన సంఘాల యవనస్థులు వాటిని చూస్తున్నారు. కొందరు డబ్బు కట్టి మరీ నేర్చుకుంటున్నారు. అన్నిట్లో చెప్పేది ఇంచుమించు ఒకటే. అందరికీ పని చెయ్యకు, ఒక రకం మనుషుల్ని ఎంచుకో. నీకు కావలసిన క్లయింటు వయసెంత, జీతమెంత, ఏ ఏరియాలో ఉంటాడో ముందే కాగితం మీద రాసుకో. ఒక్కో సెషన్ అమ్మకు, ఎనిమిది సెషన్ల ప్యాకేజీ అమ్ము. ఏటా ఫీజు పెంచు. పెంచినందుకు వెళ్లిపోయేవాళ్లు ఎలాగూ నీ క్లయింట్లు కారు.

ఈ చివరి మాట దగ్గర నాకు ఒళ్లు మండుతుంది. ఫీజు విని వెనక్కి తిరిగే మనుషులెవరో మనకు తెలుసు. ఆదివారం మన మందిరంలో వెనక వరుసల్లో కూర్చునేవాళ్లే. బెంగళూరు రోడ్లు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎక్కువమంది తెలుగు మాట్లాడే దళితులు, రాయలసీమ నుంచి తరాల కిందట వలస వచ్చిన కుటుంబాల వాళ్లు. 2001లో బంగారు గనులు మూసేశాక చీకటితోనే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికొచ్చి, రాత్రికి మళ్లీ కేజీఎఫ్ చేరేవాళ్లు ఉన్నారు. షోలాపూర్‌లో బీడీలు చుట్టే అమ్మలున్నారు. బరంపురంలో, రాయగడలో చిన్న జీతాల మీద నెట్టుకొచ్చేవాళ్లున్నారు. ఆ కాగితం మీద రాసుకునే క్లయింటు పోలిక వీళ్లలో ఎవరికీ సరిపోదు.

అయితే కౌన్సెలర్లను తిట్టి చేతులు దులుపుకోవడానికి ఇది రాయడం లేదు. నా గొడవ ముందుగా మన సంఘాలతో.

మొదట ఒక సంగతి తేల్చుకుందాం. ఫీజు తీసుకోవడం పాపం కాదు. మంచి సమరయుని కథను మనం వెయ్యిసార్లు విన్నాం, చెప్పాం. యాజకుణ్ణి తిట్టాం, లేవీయుణ్ణి తిట్టాం, సమరయుణ్ణి మెచ్చుకున్నాం. ఆ కథలో ఇంకొకడున్నాడు, పూటకూళ్లవాడు. అతని గురించి ప్రసంగం విన్నవాళ్లు ఎంతమంది ఉంటారు? అతను వ్యాపారస్తుడు. డబ్బు తీసుకునే గాయపడినవాణ్ణి చూసుకున్నాడు. యేసు అతన్ని ఒక్క మాట అనలేదు. ఉచితంగా ఎందుకు చూడలేదని సమరయుడూ అడగలేదు. మర్నాడు రెండు దేనారాలు చేతిలో పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. ద్రాక్షతోట ఉపమానం ప్రకారం ఒక దేనారం ఒక రోజు కూలి. అంటే ఇచ్చింది రెండు రోజుల కూలి, పైన మరో హామీ.

ఈ రోజు బెంగళూరులో ఒక సెషన్‌కు వెయ్యి నుంచి మూడు వేల దాకా అడుగుతున్నారు. 1,500 అనుకుందాం. ఇళ్లలో పనిచేసే అక్కకు అది రెండు మూడు రోజుల కూలి. లెక్క పెద్దగా మారలేదు. మారిందల్లా, పక్కన సమరయుడు లేడు. గాయపడిన మనిషి ఒక్కడే పాకుకుంటూ వచ్చి పూటకూళ్లవాడి తలుపు కొడుతున్నాడు.

కౌన్సెలర్ వైపు నుంచి కూడా లెక్క చూడాలి, లేకపోతే అన్యాయం. వారానికి 20 సెషన్లు, ఒక్కోటి 1,500 అంటే వారానికి 30,000. ఈ అంకె వినగానే మన పెద్దలు నోరెళ్లబెడతారు. కానీ కొత్తగా ప్రాక్టీసు పెట్టిన పిల్లకు వారానికి ఐదారుగురు దొరకడమే గగనం. గది అద్దె కట్టాలి. తనకంటే అనుభవం ఉన్నవాళ్ల దగ్గర సూపర్‌విజన్ తీసుకోవాలి, దానికీ ఫీజే. ఆన్‌లైన్ వేదికల ద్వారా వస్తే వాళ్ల కమిషన్ పోతుంది. ఆఖరి నిమిషంలో రానని చెప్పేవాళ్లు ఉండనే ఉంటారు. పోనీ రోజుకు పదిమందిని చూద్దామంటే కుదరదు. నలుగురైదుగురి దుఃఖం విన్నాక ఆరో మనిషి మాట చెవికెక్కదు. ఆ పిల్ల ఇంట్లో చదువు కోసం తెచ్చిన అప్పు కూడా ఉంటుంది. అలాంటి మనిషి వ్యాపారం నేర్చుకోకుండా ఎలా బతుకుతుంది?

ఇప్పుడు ఆ పిల్లతో మన సంఘం ఎలా నడుచుకుంటుందో చూడండి. ఆదివారం ఆరాధన అవగానే ఒక పెద్దాయన వస్తాడు. "అమ్మా, మా వాడు గదిలోంచి బయటికి రావడంలేదు, కాస్త మాట్లాడు తల్లీ, నువ్వు మన సంఘపు బిడ్డవే గదా." బుధవారం ఇంకొకరు. శుక్రవారం రాత్రి పదకొండుకు ఫోను. ఎవరూ రూపాయి ఇవ్వరు. ఇవ్వాలన్న ఆలోచన కూడా రాదు. కీబోర్డు వాయించేవాడికి ఇస్తాం, సౌండు సిస్టం వాడికి ఇస్తాం, మహాసభలకు ఊరి బయటి నుంచి వచ్చే ప్రసంగీకుడికి విమానం టికెట్టు, హోటలు గది ఇస్తాం. రెండేళ్లు ఇలా గడిచాక ఆ పిల్ల ఫోను ఎత్తడం మానేస్తుంది. ఫోర్త్ బ్లాక్‌లోనో, ఇందిరానగర్‌లోనో గది చూసుకుని, ఐటీ ఉద్యోగుల ఒత్తిడి ఒక్కదాని మీదే పనిచేస్తానని బోర్డు పెడుతుంది. అప్పుడు మనమే అంటాం, లోకంలో కలిసిపోయిందని.

లోకంలోకి నెట్టింది ఎవరు మరి?

అవతలి వైపు సంగతి. నాకు తెలిసిన ఒక అక్క ఉంది, వార్డులో రోడ్లు ఊడుస్తుంది. తమ్ముడు పోయాక ఆమెకు గుండె దడ మొదలైంది. ఒళ్లంతా చెమట, చెయ్యి తిమ్మిరి, చచ్చిపోతున్నానన్న భయం. మూడుసార్లు ఈసీజీ తీయించుకుంది. మూడుసార్లూ ఏమీ లేదన్నారు. తర్వాత ఉపవాస ప్రార్థనలు, నూనె సీసాలు. ఎవరో చెబితే కూతురు ఫోనులో ఒక కౌన్సెలర్ పేజీ తెరిచింది. ఇంగ్లీషులో ఓ పది ప్రశ్నలు, ముందే యూపీఐలో డబ్బు, మాట్లాడే భాషలు ఇంగ్లీషు, హిందీ. అక్కడితో ఆ ఫోను పక్కన పెట్టేశారు. ఆ అక్క మాట్లాడేది తెలుగే, కానీ మధ్యలో కన్నడం, తమిళం దొర్లే తెలుగు. పుస్తకాల్లో లేని తెలుగు. "మనసు కిందికి పడిపోతా ఉంది" అంటుంది. ఆ మాటను అలాగే విని అర్థం చేసుకోగల మనిషి, ఏడేళ్లుగా ఫోను ఎత్తని మన సంఘపు పిల్లే. ఇద్దరికీ మధ్య బస్సులో అరగంట దూరం.

ఉచితమైతే విలువుండదు, జేబులోంచి డబ్బు తీస్తేనే మనిషి నయం కావాలని గట్టిగా అనుకుంటాడని ఆ కోర్సుల్లో ఒక సిద్ధాంతం చెబుతారు. వినడానికి తెలివిగానే ఉంటుంది. మరి సర్కారు ఆసుపత్రిలో టీబీ మాత్రలు ఉచితంగా ఇస్తే జనం మింగడంలేదా? ఈ వాదన కొత్తదేమీ కాదు. ఫ్రాయిడ్ 1913లోనే ఉచిత చికిత్సతో ఇబ్బందులు ఎక్కువని రాశాడు. ఆయన మన విశ్వాసానికి మిత్రుడేమీ కాడు. కానీ అదే మనిషి 1918లో యుద్ధం చివర బుడాపెస్ట్ సభలో, పేదవాడి మనసుకూ చికిత్స హక్కుగా అందాలని, ఉచిత వైద్యశాలలు రావాలని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఆయనతో పనిచేసినవాళ్లు 1920లో బెర్లిన్‌లో, 1922లో వియన్నాలో డబ్బు లేనివాళ్లనూ చూసే క్లినిక్‌లు తెరిచారు. దేవుణ్ణి నమ్మనివాడికి తట్టిన సంగతి, ప్రతి క్రిస్మస్‌కు చీరలు పంచే మనకు తట్టడంలేదు.

మన వాళ్లు తెచ్చే అడ్డు ఇంకొకటి. "మనకు ఆలోచనకర్త యేసయ్యే, మళ్లీ ఇంకొకరికి ఫీజెందుకు?" ఇలా అనే పెద్దల జేబుల్లో బీపీ మాత్రలు, షుగరు మాత్రలు ఉంటాయి. పౌలు తన వెంట ఉన్న లూకాను వైద్యుడనే పిలిచాడు. దీనిమీద ఇంతకన్నా రాయను.

రాయవలసింది మూడో రకం గురించి. ఇది వ్యాపారమూ కాదు, వైద్యమూ కాదు, రెండిటి లాభమూ కావాలి. రెండు శనివారాల సర్టిఫికెట్టు, గోడ మీద ఫ్రేము, పైన "క్రైస్తవ కౌన్సెలింగ్ పరిచర్య" అని బోర్డు. ఫీజు ఎంతని అడిగితే "మీ ప్రేమ కొద్దీ కానుక" అంటారు. ఆ కానుక ఎంతుండాలో పక్కనున్న మనిషి మెల్లగా చెబుతాడు. రశీదు ఉండదు. తేడా వస్తే అడగడానికి చోటుండదు, ఎందుకంటే అది సేవ కదా. కొన్నిచోట్ల ఇంకో మెట్టు పైకి వెళ్లారు. వేదిక మీద భర్త వాక్యం చెబుతాడు, మనసు బాగాలేనివాళ్లు ఫలానా చోటికి రండంటాడు. ఆ ఫలానా చోటు భార్య క్లినిక్. సంఘం మొత్తం ఆమెకు క్లయింట్ల జాబితా. పాస్టరుగారి మాట కాదని వేరే చోటికి వెళ్లే ధైర్యం ఏ విశ్వాసికి ఉంటుంది? ఆ కోర్సుల్లో ఎంత డబ్బు పోసినా దొరకని మార్కెటింగ్ ఇది.

అక్కడ జరిగేదేమిటి? తాగొచ్చి కొట్టే భర్త దగ్గరికి తిరిగి వెళ్లి లోబడి ఉండమంటారు. మనసు ఉరకలెత్తి, మళ్లీ పాతాళానికి జారే జబ్బుకు లిథియం వాడుతున్న కుర్రాణ్ణి విశ్వాసం ఉంటే మాత్రలు ఆపమంటారు. ఆ మందు అకస్మాత్తుగా ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. చెప్పినవాడు ఆ రాత్రి ఆ ఇంట్లో ఉండడు. అన్నిటికన్నా ఘోరం, మంగళవారం గదిలో ఏడుస్తూ చెప్పుకున్నది ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా వస్తుంది. పేరు చెప్పరు. చెప్పనక్కర లేదు, ఇరవై కుటుంబాల సంఘంలో అందరూ తల తిప్పి ఎవరివైపు చూడాలో వాళ్లవైపే చూస్తారు.

నయమాను కథలో ఎలీషా వెండి వద్దన్నాడు. గేహజీ రథం వెనక పరుగెత్తాడు. అతను కూడా నేరుగా నాకివ్వమనలేదు. ప్రవక్త శిష్యులు ఇద్దరు వచ్చారు, వాళ్ల కోసమన్నాడు. అతని తప్పు వెండి ఒక్కటే కాదు, తన సంచికి పరిచర్య పేరు తగిలించాడు. ఫీజు బోర్డు పెట్టి, రశీదిచ్చి, ఆదాయపు పన్ను కట్టే కౌన్సెలర్ ఈ గేహజీల కంటే వెయ్యి రెట్లు నయం.

కాబట్టి యవనస్థులారా, ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు అడగండి. ఏం చదివారు, ఎక్కడ చదివారు? క్లినికల్ సైకాలజిస్టునని చెబితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య ఉండాలి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మిగతా సైకాలజిస్టులను, కౌన్సెలర్లను కూడా తన కిందికి తెచ్చింది. దాని అమలు కాళ్లీడుస్తూ నడుస్తోంది, ఆ సందులోనే ఈ బోర్డులు లేస్తున్నాయి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలు గోప్యంగా ఉండే హక్కు మనిషికిచ్చింది. అలా అడగడం దైవజనుణ్ణి అవమానించడమని ఎవరైనా అంటే, ఆ గది నుంచి లేచి వచ్చేయండి.

ఈ చట్టమే సర్కారు నడిపే, సర్కారు డబ్బిచ్చే మానసిక వైద్యాన్ని ప్రతి మనిషికీ హక్కు చేసింది. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడంలేదని తేలింది. ఆ ఖాళీని గంటకు 1,500 తీసుకునే గదులు ఎన్నటికీ పూడ్చలేవు. జిల్లాకో మానసిక వైద్య ఏర్పాటు ఉండాలన్న ఆలోచనను నిమ్హాన్స్ 1980లలో మొదట పరీక్షించిన చోటు ఏదో తెలుసా? బళ్లారి. వీధివీధినా తెలుగు వినిపించే మన బళ్లారి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, పల్లెల్లోనే మందులు అందేలా చేశారు. ఆ నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది. అక్కడి తెలుగువాళ్లకైనా ఇది గుర్తుందా? భాషా మైనారిటీ హక్కులంటే మనం బడి అడుగుతాం, బస్సు మీద అక్షరాలు అడుగుతాం. జిల్లా ఆసుపత్రిలో తెలుగు తెలిసిన కౌన్సెలర్‌ను వేయమని కోలారులో, బళ్లారిలో, గంజాంలో ఏ తెలుగు సంఘమైనా అర్జీ పెట్టిందా?

అర్జీ తేలేలోపు రాత్రిపూట ఎవరికైనా తోచక ప్రాణం మీదికి వస్తే టెలీ మానస్ ఉంది. 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఈ నంబరు ఎన్ని మందిరాల నోటీసు బోర్డు మీద ఉందో ఈ ఆదివారం చూడండి.

ఇక మన వంతు. వేలూరు సీఎంసీకి మన వాళ్లు చిత్తూరు నుంచీ, బెంగళూరు నుంచీ, ఒడిశా నుంచీ వెళుతూనే ఉన్నారు. అక్కడి మానసిక వైద్య కేంద్రంలో రోగితో పాటు ఇంటి మనిషి కూడా ఉండి తీరాలి, జబ్బు గురించి ఇంటివాళ్లకూ నేర్పిస్తారు. కట్టగలిగినవాడి దగ్గర తీసుకుని, లేనివాడికి తగ్గించే పద్ధతి ఆ ఆసుపత్రి మొదటి నుంచీ నడిపిస్తోంది. లెక్కలు రాసి, జీతాలిచ్చి, క్రీస్తు పేరు మీదే. అంటే డబ్బు లెక్క, కనికరం ఒకే కప్పు కింద ఉండగలవని వందేళ్లకు పైగా మన కళ్లముందే ఉంది. మనం వెళ్లి మందులు తెచ్చుకున్నాం, ఆ పద్ధతిని మాత్రం తెచ్చుకోలేదు.

చిన్నగా మొదలెట్టొచ్చు. 150 కుటుంబాల సంఘం అనుకోండి. కుటుంబానికి నెలకు 50 రూపాయలు. మొత్తం 7,500. ఒక కౌన్సెలర్‌తో ఒప్పందం చేసుకుని, నెలకు పది సెషన్లు ఖాయమని మాటిస్తే 750కి ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు. ఖాళీ సెషన్ల భయం ఆమెకు తప్పుతుంది కాబట్టి. వచ్చే మనిషి తన శక్తి కొద్దీ 50 ఇస్తాడో, 100 ఇస్తాడో, ఏమీ ఇవ్వడో అతని ఇష్టం. ఆ కౌన్సెలర్ మన సంఘ సభ్యురాలు కాకుండా చూసుకోవడం మంచిది. గది కూడా మన మందిరంలో వద్దు. గురువారం మధ్యాహ్నం పాస్టరు ఆఫీసు పక్క గదిలోకి ఎవరు వెళ్లారో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఒకే గుడిలో పొద్దున కన్నడ ఆరాధన, తర్వాత తెలుగు, సాయంత్రం తమిళం జరుపుకునే ఊళ్లు మనవి. పక్క సంఘాన్ని ఒక గది అడగలేమా? మన తెలుగు పిల్ల వేరే తెలుగు సంఘానికి, వాళ్ల పిల్ల మనకు. టైము కూడా ఆలోచించాలి. పొద్దున ఆరింటికి రోడ్డు ఊడ్చే అక్కకు మధ్యాహ్నం రెండు తర్వాతే కుదురుతుంది.

డబ్బు పాస్టరు చేతిలో పడకూడదు. కోశాధికారి నేరుగా కౌన్సెలర్‌కు నెలకొక్కసారి చెక్కు ఇవ్వాలి. ఆమె బిల్లులో పేర్లు ఉండవు, ఎన్ని సెషన్లో అంకె మాత్రం ఉంటుంది. ఎవరొచ్చారని పాస్టరు అడగకూడదు, పెద్దలు అడగకూడదు. అడిగితే ఆమె చెప్పకూడదు. ఈ ఒక్క నియమానికి ఒప్పుకోని సంఘం దయచేసి ఈ పని మొదలుపెట్టొద్దు.

ఆ కోర్సులు చూస్తున్న చెల్లెళ్లకు, తమ్ముళ్లకు కూడా ఒక మాట. మీరు ఫీజు తీసుకోండి, గట్టిగా అడిగి తీసుకోండి. సంఘ పెద్ద ఆదివారం మెట్ల మీద పట్టుకుని ఉచితంగా మాట్లాడమంటే, గురువారం అపాయింట్‌మెంటు ఇవ్వండి. కానీ మీ పేజీలో భాషల దగ్గర తెలుగు అని రాయండి. రాయడానికి సిగ్గుపడి దాచుకున్నవాళ్లు మీలో ఎంతమందో మీకే తెలుసు. ఇరవై సెషన్లలో రెండు మూడు తక్కువ ఫీజువి పెట్టుకుని, ఆ సంగతి అందరికీ కనపడేలా రాయండి. మిగతావాటికి సంఘాల దగ్గరికి బిల్లు పంపండి.

ఏప్రిల్‌కు ముందు చాలా సంఘాల్లో బడ్జెట్ మీటింగు జరుగుతుంది. సౌండు సిస్టం, పెయింటు, మహాసభల పద్దులు చదువుతారు. అప్పుడు ఎవరో ఒక యవనస్థుడు లేచి ఈ 7,500 అడగండి. పెద్దలు నవ్వొచ్చు. కోశాధికారి ఏ పద్దు కింద రాయాలని అడుగుతాడు. వైద్య సహాయం కింద రాయమనండి.